హాస్టల్ గదిలో వీగన్ స్మూతీ బౌల్: రోజుకు 40 రూపాయల లెక్క

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దిల్‌సుఖ్‌నగర్‌లో పీజీ, గదికి ముగ్గురు. నడవలో అందరికీ కలిపి ఒకే ఒక్క సింగిల్ డోర్ ఫ్రిజ్. ఇంటినుంచి అమ్మ పంపిన పాత మిక్సీ ఉంది, పొయ్యి పెట్టుకోనివ్వరు. వీగన్‌వై, అంటే జంతువుల నుంచి వచ్చేవేవీ తినకూడదని పాలు, పెరుగు, నెయ్యి, తేనె మానేసి ఐదు నెలలైంది. మెస్‌లో పొద్దున పెట్టే ఉప్మాలో నెయ్యి పడుతోందో లేదో అడిగితే వంటామె నవ్వి ఊరుకుంటోంది. పొద్దుటి తిండికి రోజుకు 40 రూపాయలు మించి పెట్టలేవు. ఎవరో స్మూతీ బౌల్ (పళ్ళను చిక్కగా రుబ్బి గిన్నెలో వేసుకుని, పైన గింజలూ పప్పులూ చల్లుకు తినేది) చేసుకోమన్నారని బాదం పాలు, చియా గింజలు, గ్రనోలా (తీపి కలిపి వేయించిన గింజల మిశ్రమం), గడ్డకట్టించిన బెర్రీలు ఫోన్లో బుట్టలో వేసి చూస్తే పద్నాలుగు వందలు దాటింది. 'ఇది డబ్బున్నవాళ్ళ తిండేనా అక్కా?' అని అడిగావు.

కాదు. కానీ నువ్వు చూసిన ఫొటోల్లోది మాత్రం డబ్బున్నవాళ్ళదే.

నా సంగతి ఒక్క ముక్క చెప్పి అసలు విషయానికొస్తాను. ఉస్మానియాలో చదివిన రెండేళ్ళూ, ఆ తర్వాత అమీర్‌పేటలో కోచింగ్ పేరుతో గడిపిన ఏడాదిన్నరా హాస్టల్ గదుల్లోనే వీగన్‌గా బతికాను. ఇప్పుడు తార్నాక దగ్గర చిన్న వంటిల్లు పెట్టుకుని ఆఫీసులకు డబ్బాలు పంపుతున్నాను. వాటిలో ఈ బౌళ్ళూ ఉంటాయి. అంటే ఇదే తిండిని జేబులో డబ్బుల్లేని రోజుల్లోనూ చేశాను, ఇప్పుడు అమ్మకానికీ చేస్తున్నాను. నిన్ను నువ్వు అంటున్నందుకు ఏమనుకోకు.

ఆ పద్నాలుగు వందల బుట్టను ఇంకోసారి తెరిచి చూడు. అందులో పళ్ళ ఖర్చు ఎంత? బెర్రీలు తీసేస్తే అరటిపళ్ళ డజను, అంతే. డబ్బంతా పోయింది డబ్బా పాల దగ్గర, పైన చల్లుకునేవాటి దగ్గర. లీటరు బాదం పాల డబ్బా వెనక ఏముందో చదివితే ముందు నీళ్ళు ఉంటాయి, తర్వాత కాస్త బాదం. నీళ్ళు మోసుకొచ్చినందుకు రెండు మూడు వందలు ఇస్తున్నాం. నువ్వు ఆ రెండింటి చోటునీ పల్లీలు, పుట్నాలు, అటుకులతో నింపేస్తే చాలు, మిగతాది మన తోపుడు బండ్లవాళ్ళు చూసుకుంటారు.

ఇంకో మాట. ఈ బౌల్ అనేది అసలు మొదలైంది బ్రెజిల్‌లో. అమెజాన్ అడవుల్లో అసాయి అని ఒక తాటిజాతి చెట్టు, నల్లూదా రంగు చిన్నచిన్న కాయలు. ఆ గుజ్జును గడ్డకట్టించి గిన్నెలో పెట్టి తినడం అక్కడి నగరాల్లో అలవాటైంది. అది పుట్టిన పారా ప్రాంతంలోనైతే ఇప్పటికీ వేయించిన చేపతో, కర్రపెండలం పిండితో కలిపి తింటారు. అంటే వాళ్ళకు చేతికందిన పండుతో వాళ్ళు చేసుకున్నారు. మనం వాళ్ళ పండు పొడిని వేలు పోసి తెప్పించుకోవడం ఎందుకు? ఆ రంగే కావాలంటే జూన్, జూలైల్లో నేరేడు పళ్ళున్నాయి. నాలుక నీలంగా చేసే పండు మనకూ ఉంది.

ఇక పని. బౌల్‌కీ జ్యూస్‌కీ తేడా చిక్కదనమే. నా మొదటి బౌల్ హాస్టల్ మేడ మీద చేశాను. రెండు అరటిపళ్ళు, గ్లాసెడు సోయా పాలు వేసి తిప్పాను. పైన ఎంతో ముచ్చటగా పేర్చిన పల్లీలు, దానిమ్మ గింజలు ఒక్కొక్కటే బుడుంగుమని మునిగిపోయాయి. మా రూమ్మేట్ చూసి, 'పాయసం బాగుంది, జీడిపప్పు అడుగునుందా?' అంది. ఆ రోజు నేర్చుకున్న కొలత ఇదీ: బౌల్ పిండి గారెల పిండిలా ఉండాలి. దోసెల పిండిలా జారితే అది గ్లాసులో పోసుకు తాగాల్సిందే. గరిటెతో ఒక గీత గీస్తే ఆ గీత పది క్షణాలైనా పూడకూడదు.

ఆ చిక్కదనం మగ్గిన అరటిపండును గడ్డకట్టిస్తే వస్తుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తొక్కతోనే ఫ్రీజర్లో పడేయడం. మర్నాడు ఆ తొక్క రాయిలా అంటుకుపోతుంది, గోళ్ళు విరుగుతాయి తప్ప ఊడదు. ముందే ఒలిచి, రూపాయి బిళ్ళల్లా చక్రాలు తరిగి, ఒక స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి పెట్టు. మూడు గంటలాగి డబ్బాలోకి మార్చు. నేరుగా డబ్బాలో కుక్కితే ఒకే ముద్దయిపోతుంది, దాన్ని విడగొట్టాలంటే రోలు కావాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఫ్రీజర్ అంత చల్లగా ఉండదు కాబట్టి రాత్రంతా ఉంచాల్సిందే. మంచు పేరుకుపోయి ఉంటే ఒక ఆదివారం దాన్ని కరిగించే పని నువ్వే నెత్తినేసుకో, మిగతావాళ్ళెవరూ చేయరు.

పచ్చగా నిగనిగలాడే పళ్ళు దీనికి వద్దు. తొక్క మీద గోధుమరంగు మచ్చలు పడి, తొడిమ దగ్గర మెత్తబడ్డవి కావాలి. తీపంతా అప్పుడే వస్తుంది, బెల్లం అక్కర్లేదు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక మెయిన్ రోడ్డు మీద బండి సర్దుకుంటున్న వాళ్ళ దగ్గరికెళ్ళు. మర్నాటికి నిలవని పళ్ళు ఎవరో ఒకరు తీసుకుంటే చాలనుకుంటారు. 'భయ్యా, మచ్చలవి ఎంతకిస్తావ్?' అంటే చాలు. రెండు రోజులు వరసగా ఒకే బండి దగ్గర కొంటే మూడోరోజు నీకోసం పక్కన తీసిపెడతాడు. నాకు అలా తీసిపెట్టినాయన ఎప్పుడూ డజనుకు పదమూడు ఇచ్చేవాడు.

మిక్సీ విషయం జాగ్రత్తగా విను, ఎందుకంటే నీ దగ్గరున్న అన్నిటికన్నా ఖరీదైంది అదే. మన మిక్సీలు చట్నీలకూ పప్పులకూ పుట్టినవి, మంచుగడ్డలకు కాదు. పెద్ద జార్ వద్దు, ముక్కలన్నీ గోడలకెక్కి కూర్చుంటాయి. చట్నీ జార్ తీసుకో. ఫ్రీజర్ నుంచి తీసిన ముక్కల్ని ఐదారు నిమిషాలు బయట ఉంచు. జార్లో ముందు మూడు నాలుగు చెంచాల నీళ్ళు, తర్వాత రాత్రి నానబెట్టిన పల్లీలు (వాటి సంగతి కింద చెబుతాను) వేసి గంధంలా రుబ్బు. అప్పుడు అరటి ముక్కలు సగం వెయ్యి. మీటను ఎడమవైపు తిప్పి వదలడం, తిప్పి వదలడం, నాలుగేసి క్షణాలు. స్విచ్ ఆపి, మూత తీసి, చెంచాతో కిందకి తోసి, మిగతా సగం. తిరగట్లేదని నీళ్ళు పోయకు, అక్కడే బౌల్ కాస్తా జ్యూసవుతుంది. కాస్త ఆగి ఇంకోసారి తోయి.

ఒకసారి నేను తొందరలో ఆపకుండా తిప్పేశాను. వైరు కాలిన వాసన, మిక్సీ ఠక్కున ఆగిపోయింది. కాలిపోయిందనుకుని ఏడుపు మొహంతో రిపేరు షాపుకు మోసుకెళ్ళాను. ఆ పెద్దాయన దాన్ని తలకిందులు చేసి, అడుగున ఉన్న ఎర్ర బటన్ బొటనవేలితో నొక్కి, 'తీస్కపో బిడ్డా, పైసలొద్దు' అన్నాడు. భారం ఎక్కువైతే మోటారు కాలకుండా ఆ బటన్ తనంతట తాను బయటికొస్తుంది. పావుగంట చల్లారనిచ్చి లోపలికి నొక్కితే మళ్ళీ తిరుగుతుంది.

ఇప్పుడు పాలు. పల్లీ పాలు ఎలా చేయాలో అందరూ చెబుతారు: రాత్రి నానబెట్టి, పొట్టు నలిపి తీసేసి, నీళ్ళతో రుబ్బి, బట్టలో వడకట్టి, పొంగకుండా కలుపుతూ ఐదు నిమిషాలు మరిగించడం. 100 గ్రాముల పల్లీలకు ముప్పావు లీటరు పాలొస్తాయి. ఫ్రిజ్‌లో రెండు రోజులుంటాయి. పైన తేరుకుంటే విరిగాయని పారబోయకు, సీసా కుదిపితే కలిసిపోతాయి. టీలో బాగోవు గానీ సేమియాలో బ్రహ్మాండంగా ఉంటాయి.

కానీ నీకు పొయ్యి లేదు. బౌల్‌కు అసలు పాలే అక్కర్లేదని నా అభిప్రాయం. వడకట్టిన పిప్పిలో ఎంతో కొంత మాంసకృత్తులూ పీచూ పోతాయి, మనం వాటికే కదా డబ్బులిచ్చింది! కొట్లో దొరికే వేయించిన పల్లీలు, ఉప్పు లేనివి, ఒక గుప్పెడు రాత్రి నానబెట్టు. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, పల్లీల్ని పొట్టుతో సహా రుబ్బెయ్. వేయించినవి కాబట్టి పచ్చి వాసన ఉండదు, మరిగించే పనీ లేదు. పాలూ, పీనట్ బటరూ రెండూ అయిపోయాయి. కొనేటప్పుడు మాత్రం నలుపెక్కినవి, ముడుచుకున్నవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. పల్లీల బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది వేయించినా పూర్తిగా పోదు. చేదు పల్లీ ఒక్కటి నోట్లో పడితే మనకు తెలియకుండానే ఉమ్మేస్తాం చూడు, అది మంచి అలవాటే. మీ గదిలో ఎవరికైనా పల్లీలు పడవంటే ఆ జార్ వాళ్ళకివ్వకు. వాళ్ళకు పచ్చికొబ్బరితో వేరే జార్లో చెయ్యి.

పల్లీల మీద నాకు కాస్త అభిమానం ఎక్కువని ఒప్పుకుంటాను. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ పరిశోధించే పంటల్లో జొన్న, సజ్జ, శనగ, కందితో పాటు పల్లీ కూడా ఒకటి. ఊరి చివర ప్రపంచస్థాయి వేరుశనగ పరిశోధన జరుగుతుంటే, నగరంలో మనం కాలిఫోర్నియా బాదం కోసం అప్పులు చేస్తున్నాం.

ఫ్రీజర్ దొరకని రోజులుంటాయి. కరెంటు పోతుంది, ఎవరో ఐస్‌క్రీమ్ డబ్బా పెట్టి నీ పళ్ళెం బయట పెట్టేస్తారు. అప్పటికి రెండు దారులు. మొదటిది అటుకులు. మందం అటుకులు రెండు గుప్పిళ్ళు కడిగి, పది నిమిషాలు నీళ్ళలో ఉంచి పిండి, అరటిపండు, పల్లీలతో కలిపి రుబ్బితే గారెల పిండి కంటే చిక్కగా వస్తుంది. మిక్సీ కూడా లేకపోతే పప్పుగుత్తితో మెదిపెయ్. నున్నగా రాదు, కానీ రుచికి లోటుండదు. ఓట్స్ అని అందరూ కొనేదాని పని ఇవే చేస్తాయి.

రెండోది రాగి. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు, లేదా పొయ్యి ఉన్న స్నేహితురాలి గదిలో, గ్లాసుడు చల్లటి నీళ్ళలో రెండు పెద్ద చెంచాల రాగిపిండి ఉండల్లేకుండా కలిపి, ఏడెనిమిది నిమిషాలు ఉడికించి చల్లార్చు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే జున్నులా గట్టిపడుతుంది. ఆ ముద్ద సగం, మగ్గిన అరటిపండు ఒకటి, ఖర్జూరాలు రెండు, నీళ్ళు పోసుకునే పనే లేదు. రంగు చూసి చాక్లెట్ అనుకుంటారు. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, పాలు మానేసినవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. పచ్చి రాగిపిండి మాత్రం మిక్సీలో వేయకు, ఇసుక తిన్నట్టుంటుంది, కడుపు ఉబ్బుతుంది. కరెంటు కెటిల్‌లో జావ కాయాలనే ఆలోచన నీకు వచ్చే ఉంటుంది. వద్దు. అడుగంటుతుంది, ఇంకెప్పటికీ ఆ కెటిల్ నీళ్ళు కూడా మాడు వాసనే.

పైన చల్లుకునేవి నెలకోసారి కలిపి డబ్బాలో పోసుకో. నాది ఇలా: పుట్నాలు పావుకిలో, పేపర్ అటుకులు పావుకిలో, వేయించిన నువ్వులు 50 గ్రాములు, అవిసె గింజలు 50 గ్రాములు. ఇంటికెళ్ళినప్పుడు అమ్మను అన్నీ విడివిడిగా మూకుట్లో వేయించమను. అవిసెలు చిటపటలాడగానే దించాలి, లేకపోతే చేదు. కొంచెం బెల్లం లేతపాకం పట్టి అందులో ఇవన్నీ కలిపి పళ్ళెంలో ఆరబెట్టి చిదిమితే, మూడు వందలకు అమ్మే గ్రనోలాకు ఏమాత్రం తీసిపోదు. నిజానికది మన పుట్నాల ఉండ చిదిమినదే. అవిసెల్ని కచ్చాపచ్చాగా దంచి వెయ్యి, లేదంటే నమలకుండా మింగిన గింజ గింజలాగే బయటికొస్తుంది.

చియా బదులు సబ్జా. ఫలూదాలో తేలే నల్ల గింజలే. ఒక చెంచా అరగ్లాసు నీళ్ళలో పావుగంట ఉంచితే ఒక్కో గింజ చుట్టూ కప్పగుడ్ల మాదిరి తెల్లటి జిగురు వస్తుంది. పొడిగా ఎప్పుడూ చల్లుకోకు, గొంతులో ఉబ్బితే ఇబ్బంది. చియా, సబ్జా ఒకటేనని కొందరు అంటారు. ఒకటి కావు, కానీ బౌల్ మీద చేసే పని ఒకటే, ధరలో మాత్రం పోలిక లేదు.

ఈ గింజలూ పప్పులూ ఖర్జూరాలూ వీధి చివర కొట్లో పొట్లాల లెక్కన కొంటే వాచిపోతుంది. రెండు నెలలకోసారి ముగ్గురూ కలిసి బేగంబజార్ వెళ్ళండి. అఫ్జల్‌గంజ్‌లో దిగి నడవడమే. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కదా, దారి ఖర్చు కూడా లేదు. విరిగిన జీడిపప్పు, ముక్క బాదం అడిగి తీసుకో. మిక్సీలో పడేదానికి నిండు పప్పెందుకు? ఖర్జూరాల్లో డబ్బాల్లో మెరిసేవి కాదు, విడిగా తూచి ఇచ్చే మెత్తటివి చాలు.

కూరగాయలూ పళ్ళకు నీకు దగ్గర సరూర్‌నగర్ రైతు బజార్. లోపలికి వెళ్ళగానే ఆరోజు ధరల బోర్డుంటుంది, ముందు అది చదువు. తర్వాత బయట బండివాడితో బేరమాడేటప్పుడు కూడా ఆ అంకెలు పనికొస్తాయి. కొత్తపేట పళ్ళ మార్కెట్‌కు వెళ్ళమని పాతవాళ్ళు చెబుతారు. అది 2021లోనే బాటసింగారం తరలిపోయింది. రెండు డజన్ల పళ్ళ కోసం అంతదూరం వెళ్ళకు, అక్కడ బేరాలన్నీ పెట్టెల లెక్కన.

ఏ నెలలో ఏ పండన్నదే అసలు ఆదా. వేసవిలో మామిడి దిగినప్పుడు మొదట్లో ధర మండిపోతుంది, మే చివరికి దిగొస్తుంది. అప్పుడు మూడు నాలుగు కిలోల బేనిషాన్ కొని ముక్కలు కోసి గడ్డకట్టించుకో. రసాలు కొనకు, అవి జుర్రుకోవడానికే, బౌల్‌లో నీళ్ళయిపోతాయి. అదే కాలంలో తాటి ముంజలు వస్తాయి. మామిడి బౌల్ మీద లేత ముంజ నాలుగు ముక్కలు చేసి పెడితే, ఏ కేఫ్‌లోనూ దొరకని బౌల్ అది. నేరేడు వగరు కాబట్టి ఒక బౌల్‌కు ఏడెనిమిది పళ్ళు చాలు, గింజ తీసి వెయ్యి. చలికాలం జామ, లోపల ఎర్రగా ఉన్నదైతే రంగుకు రంగు. గింజలు పళ్ళ మధ్య ఇరుక్కుంటాయి, అందుకని తిప్పాక జల్లెడ పట్టాలి, కాస్త విసుగు. బొప్పాయి ఏడాదంతా ఉంటుంది, చవక, కానీ ఒక్కదాన్నే వేస్తే నాకు మందు తిన్నట్టుంటుంది. నిమ్మరసం పిండితే మారిపోతుంది. పుచ్చకాయ, ఖర్బూజ పైన ముక్కలుగా సరే, మిక్సీలోకి వద్దు, అన్నీ నీళ్ళే.

సీతాఫలం గురించి విడిగా చెప్పాలి. సెప్టెంబర్ నుంచి దీపావళి దాకా బాలానగర్ రకం పళ్ళు బుట్టల్లో వస్తాయి. బాలానగర్ అంటే మన ఫ్యాక్టరీల బాలానగర్ కాదు, మహబూబ్‌నగర్ వైపుది. గుజ్జు దానంతటదే క్రీములా ఉంటుంది, అరటి సగం తగ్గించవచ్చు. కానీ గింజ ఒక్కటి కూడా మిక్సీలో పడకూడదు. ఆ గింజల లోపలి పప్పు విషం, పొరపాటున మింగితే చెక్కుచెదరకుండా పోతుంది గానీ, పగిలితే ప్రమాదం. గుజ్జును జల్లెడలో వేసి చెంచాతో రుద్ది, గింజలు లెక్కపెట్టినంత శ్రద్ధగా చూసి తీయాలి. రాత్రి తొమ్మిదింటికి స్నేహితురాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ చేసే పని అది, పొద్దున ఎనిమిదింటి క్లాసుకు ముందు చేసేది కాదు.

ఒక బౌల్ లెక్క చూద్దాం. ఇవి నేను ఈమధ్య కొన్న ధరలు, నీకు అటూ ఇటూ ఉండొచ్చు. మగ్గిన అరటిపళ్ళు రెండు 8 రూపాయలు. పల్లీలు 30 గ్రాములు 5. పైన చల్లుకునే మిశ్రమం రెండు పెద్ద చెంచాలు 5. ఆ కాలపు పండు వంద గ్రాములు 8. ఖర్జూరాలు రెండు 3, సబ్జా చెంచా 2. మొత్తం 31. రోజుకు మిగిలిన తొమ్మిది రూపాయలూ పక్కన పెట్టు, ఎందుకో కింద చెబుతాను.

ఇందులో మాంసకృత్తులు ఎన్ని? సగం పల్లీల నుంచే వస్తాయి, అన్నీ కలిపి 15 గ్రాములకు దగ్గర్లో ఉంటాయి. మా వంటింటికి కూతవేటు దూరంలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. నువ్వు 50 కిలోలుంటే 42 గ్రాముల దాకా. అంటే బౌల్ తిన్నానని మధ్యాహ్నం పప్పు వదిలేస్తే కుదరదు. పళ్ళు మాత్రమే వేసి పల్లీలూ పుట్నాలూ మానేస్తే పదకొండింటికల్లా క్లాసులో కడుపు కూనిరాగం తీస్తుంది. తిన్న వెంటనే టీ తాగకు, నువ్వుల్లోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగు. జామ ముక్కలో, నిమ్మరసమో పక్కనుంటే ఇంకా మంచిది.

ఇక ఆ తొమ్మిది రూపాయలు విటమిన్ బి12 మాత్రకి. ఇది తేలిగ్గా తీసుకోకు. పళ్ళు, పప్పులు, గింజలు ఎన్ని తిన్నా బి12 నమ్మకంగా రాదు. పాలు తాగే శాకాహారుల్లోనే అది తక్కువగా ఉండేవాళ్ళు చాలామంది. నేను వీగన్‌నయిన రెండో ఏడు అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి, మెట్లెక్కితే ఆయాసం, చదివింది సాయంత్రానికి గుర్తుండేది కాదు. పరీక్షల ఒత్తిడి అనుకున్నా. ఒక డాక్టర్ అయితే నా మొహం కూడా చూడకుండా బలానికి టానిక్ రాసి పంపించాడు. నాలుగు నెలల తర్వాత ఇంకో డాక్టరమ్మ, 'ఏం తింటావమ్మా?' అని అడిగాక గానీ రక్తపరీక్ష జరగలేదు. నీకు ఐదు నెలలే అయింది, ఇప్పుడే ఒకసారి పరీక్ష చేయించుకుని, డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్ర మొదలుపెట్టు. నెల మొత్తానికి అయ్యే ఖర్చు ఒక కేఫ్ బౌల్ కంటే తక్కువే.

ప్యాకెట్లేవైనా కొంటే పచ్చ చుక్క చూసి మోసపోకు. పచ్చ చుక్కంటే శాకాహారం, అందులో పాలూ తేనే ఉండొచ్చు. వీగన్‌కు దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వేరే గుర్తు పెట్టింది, ఆకు మొలకతో ఉన్న పచ్చ 'వి' అక్షరం. నియమాలు 2022లో వచ్చాయి, కానీ అన్ని ప్యాకెట్ల మీదా కనబడదు. అప్పుడు వెనక అలర్జీ లైనులో పాల మాట ఉందా, పదార్థాల్లో తేనె ఉందా చూసుకో. మ్యూస్లీల్లో (ఓట్స్, ఎండుపళ్ళు కలిపి అమ్మే ప్యాకెట్లు) ఎక్కువగా దొరికిపోయేది తేనే.

గిన్నె గురించి కూడా అడిగావు. ఆ కొబ్బరిచిప్ప గిన్నెలు ఆన్‌లైన్‌లో జత నాలుగు వందలట! మనవైపు చేతికి చిప్ప వచ్చిందంటే అర్థమేమిటో తెలుసు కదా, ఇక్కడ అక్షరాలా అదే. స్టీలు గిన్నెను పది నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి తీస్తే బౌల్ తొందరగా కరగదు, చిప్పలో ఆ సుఖం లేదు. ఫొటోకు కావాల్సిందే అంటే గుడి దగ్గర కొబ్బరికాయలు కొట్టేచోట అడుగు, కొబ్బరి తీసేసిన చిప్పలు ఊరికే ఇస్తారు. గరుకు కాగితంతో లోపలా బయటా రుద్ది, కొబ్బరినూనె రాసి రెండు రోజులు ఎండలో పెడితే అయిపోయింది.

రేపు పొద్దున చేయాలంటే ఈ రాత్రి ఆ మచ్చల అరటిపళ్ళు రెండు ఒలిచి పళ్ళెంలో పరిచేయి, పల్లీలు నానేయి. మూడు గంటలాగి ముక్కల్ని డబ్బాలోకి మార్చాక మూత మీద మార్కర్‌తో పేరు పెద్దక్షరాల్లో రాయి. మా హాస్టల్ ఫ్రిజ్‌లో అరటి ముక్కలకు అర్ధరాత్రి కాళ్ళొచ్చేవి. చివరికి నేను డబ్బా మీద 'కాకరకాయ' అని రాసి పెట్టుకున్నాను.